ఒంటరి సర్జను, అరచేతిలో ఫోను

(డిగ్లీపూర్‌లో జరిగిన తెలుగు కుటుంబాల ఉగాది కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు "ఏదైనా ఆరోగ్యం మీద చెప్పండి సార్, షుగరో, బీపీయో" అన్నారు. షుగరు గురించి చెబితే ఇంకో గంటలో మీ ముందుకొచ్చే బొబ్బట్లకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. అందుకని వేరే విషయం ఎంచుకున్నాను. పొద్దున్న ఏరియల్ బే జెట్టీ దగ్గర ఒక పెద్దాయన కలిశారు. శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబం. "డాక్టరుబాబూ, ఈ రోజుల్లో డాక్టర్లు కూడా మా మనవల్లాగే ఎప్పుడూ ఫోను చూసుకుంటున్నారేంటి? మా రోగం అందులో రాసుంటాదా?" అని అడిగారు. నవ్వుతూ అడిగినా ప్రశ్న మాత్రం గట్టిది. ఆయనకు జెట్టీ మీద సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

నేను సర్జన్ని. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేసి, రిటైరయ్యాక సొంత జిల్లాలో కొంతకాలం కత్తి పట్టాను. సర్జన్లు సోషల్ మీడియాను చదువుకోవడానికి, నేర్పడానికి ఎలా వాడుతున్నారు, అందులో మంచేమిటి, ప్రమాదమేమిటి, ఆ ఫోను అవతల పడుకున్న రోగిగా మీరు ఏం అడగాలి అన్నదే ఈ ప్రసంగం.

ఒంటరితనం అంటే

డిగ్లీపూర్‌లో ఉన్నవాళ్లకు దూరం గురించి నేను చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురంగా పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్ ఇక్కడికి రోడ్డు మీద మూడొందల కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో జరవా రిజర్వు, అక్కడ కాన్వాయ్ వేళలు, క్రీకు దగ్గర పడవ దాటడం. ఆరోగ్యంగా ఉన్నవాడికే రోజంతా పట్టే ప్రయాణం. కడుపులో పేగు మెలిపడ్డవాడికి అది ఎంత పొడుగో ఆలోచించండి. హెలికాప్టరు ఉంది, కానీ శాడిల్ పీక్ మీద మబ్బు కూర్చుంటే దానికీ దారి లేదు.

దూరం రోగికే కాదు, డాక్టరుకూ ఉంటుంది. 1990లలో కొండల్లో ఒక ఫీల్డ్ హాస్పిటల్‌లో నేను ఒక్కణ్ణే సర్జన్ని. ఒక రాత్రి అపెండిక్స్ అనుకుని ఒక జవాను కడుపు తెరిచాను. అపెండిక్స్ శుభ్రంగా ఉంది. దాని పక్కన పేగు మీద నేను పుస్తకంలో తప్ప ఎక్కడా చూడని గడ్డ ఉంది. తీయాలా, ముక్క తీసి పరీక్షకు పంపి మూసేయాలా? అడగడానికి ఎవరూ లేరు. థియేటర్‌లో ఉన్న నర్సింగ్ అసిస్టెంటు కేరళ అబ్బాయి, నా మొహం చూసి "సార్, చాయ్?" అన్నాడు. ఆ రాత్రి నాకు దొరికిన సెకండ్ ఒపీనియన్ అదే. నాకు తోచింది చేశాను. తర్వాత వైజాగ్‌లో మా ప్రొఫెసరుగారికి బొమ్మ గీసి ఉత్తరం రాశాను. ఇరవయ్యారు రోజులకు జవాబొచ్చింది: "నువ్వు చేసింది సరైనదే." అప్పటికి ఆ జవాను లీవుకెళ్లి తిరిగొచ్చి డ్యూటీలో చేరాడు. జవాబు వేరుగా వచ్చి ఉంటే?

ఆ ఇరవయ్యారు రోజుల దూరాన్ని ఫోను కొన్ని నిమిషాలకు తగ్గించింది. ఈ సంగతి మరచిపోయి సోషల్ మీడియాను తిట్టడం న్యాయం కాదు.

పత్రికలో వచ్చిన ముక్కు

ఒక సర్జను చేసిన పని దేశాలు దాటి మరో సర్జనుకు చేరడం ఫేస్‌బుక్‌తో మొదలు కాలేదు. దానికి మన దేశంలోనే, అదీ ఒక సైన్యం కథలోనే, మంచి ఉదాహరణ ఉంది.

టిప్పు సుల్తానుతో ఇంగ్లీషువాళ్లు చేసిన యుద్ధంలో కవాస్‌జీ అనే బండి తోలేవాడు ఇంగ్లీషు సైన్యానికి పనిచేస్తూ పట్టుబడ్డాడు. అతని ముక్కు, ఒక చెయ్యి కోసేశారు. తర్వాత పుణే ప్రాంతంలో కుమ్మరి కులానికి చెందిన ఒక శస్త్రవైద్యుడు అతని నుదుటి చర్మాన్ని కిందకు మలిచి కొత్త ముక్కు కట్టాడు. ఆ సంగతి బొమ్మతో సహా 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అది వైద్య పత్రిక కాదు, ఇంట్లో అందరూ చదివే పత్రిక. ఆనాటి సోషల్ మీడియా అనుకోండి.

దాన్ని ఆధారం చేసుకుని జోసెఫ్ కార్ప్యూ అనే లండన్ సర్జను ఇదే ఆపరేషను 1814లో చేశాడు. 1816లో పుస్తకం వేశాడు. అక్కణ్ణుంచి యూరప్ అంతా పాకింది. మన కుమ్మరి వైద్యుడి పేరు మాత్రం ఎవరూ రాసుకోలేదు.

ఈ కథలో నాకు మూడు పాఠాలు కనిపిస్తాయి. ఒకటి, పంచుకున్న విద్య పెరుగుతుంది. రెండు, కార్ప్యూ పత్రిక చూసి మర్నాడే కత్తి పట్టలేదు. ముందు శవాల మీద సాధన చేశాడు, సరైన రోగి దొరికేదాకా ఏళ్ల తరబడి ఆగాడు. మూడు, కవాస్‌జీ పేరు, మొహం రెండు శతాబ్దాలుగా ప్రపంచమంతా తిరుగుతున్నాయి. ఈ మూడో పాఠం దగ్గరకు మళ్లీ వస్తాను. అది నాకు పుస్తకం నేర్పింది కాదు.

ఇప్పుడు ఏం జరుగుతోంది

మన తెలుగు నేల మీద దూరవైద్యం అంటే చిత్తూరు జిల్లా అరగొండ గుర్తుకు రావాలి. 2000లో ఆ ఊరి ఆసుపత్రిని ఉపగ్రహంతో చెన్నైకి కలిపారు. కొద్దికాలానికే ఇస్రో సాయంతో పోర్ట్ బ్లెయిర్ జి.బి. పంత్ ఆసుపత్రిని కూడా చెన్నైలోని శ్రీ రామచంద్ర వైద్య సంస్థతో కలిపారు. కానీ అవి పెద్ద పరికరాలు. గదిలో కూర్చుని, వేళ కుదుర్చుకుని మాట్లాడాలి. తర్వాత ఫోను వచ్చి ఆ గదిని జేబులో పెట్టింది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి ఈ ద్వీపాలకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబులు ప్రారంభమయ్యాక అంతకుముందు ఉపగ్రహాన్నే నమ్ముకున్న అండమాన్‌లో ఇంటర్నెట్ తీరు మారింది. ఒక ఎక్స్‌రే ఫోటో పంపి, గుండ్రంగా తిరిగే ఆ చక్రాన్ని చూస్తూ కూర్చున్న రోజులు ఇక్కడి పాతవాళ్లకు బాగా గుర్తుంటాయి.

సర్జన్లు దీన్ని ఎన్ని రకాలుగా వాడుతున్నారో చెబుతాను.

మొదటిది, అడగడం. 2012లో అమెరికాలో బ్రయాన్ జేకబ్ అనే సర్జను ఫేస్‌బుక్‌లో ఇంటర్నేషనల్ హెర్నియా కొలాబరేషన్ అనే గ్రూపు పెట్టారు. సభ్యులు సర్జన్లే. హెర్నియా అంటే మనవాళ్లు గిలక అని, వరిబీజం అని అనేది. చిన్న ఆపరేషనులా కనిపిస్తుంది గానీ, రెండోసారి, మూడోసారి వచ్చిన హెర్నియా పెద్దపెద్దవాళ్లకు చెమటలు పట్టిస్తుంది. ఒక దేశం సర్జను రాత్రి ప్రశ్న పెడితే, అప్పుడే పొద్దు పొడిచిన మరో దేశం సర్జను జవాబు చెబుతాడు. మన దగ్గర ఇదే పని వాట్సాప్‌లో మెడికల్ కాలేజీ బ్యాచ్ గ్రూపులు చేస్తున్నాయి. పొద్దున్న గుడ్ మార్నింగ్ పువ్వులు, మధ్యాహ్నం రాజకీయాలు, రాత్రి పదకొండుకు మాత్రం అసలైన వైద్యం.

రెండోది, చూడడం. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల నుంచి ప్రొఫెసర్ల దాకా అడిగి 2016లో ప్రచురించిన ఒక సర్వేలో, ఆపరేషనుకు ముందు వీడియోలు చూసుకుని వెళతామని నూటికి తొంభైమంది చెప్పారు. వాళ్లు ఎక్కువగా చూసేది యూట్యూబే. మా రోజుల్లో ప్రొఫెసరుగారి భుజం మీదుగా మెడ సాచి చూసేవాళ్లం. ముందు వరసలో పొడుగువాడు నిలబడితే ఆ రోజు చదువు అయిపోయినట్టే.

మూడోది, కొత్త పరిశోధన చేరవేయడం. 2016లో ఆనల్స్ ఆఫ్ సర్జరీ పత్రికకు ఆండ్రూ ఇబ్రహీం అనే సర్జను ఒక పద్ధతి తెచ్చాడు. పెద్ద వ్యాసం సారాంశాన్ని ఒకే బొమ్మలో పెట్టి ట్విట్టర్‌లో వేయడం. ఉత్త శీర్షిక వేసినప్పటి కంటే బొమ్మ వేసినప్పుడు ఇతరులకు పంపినవాళ్లు ఎనిమిది రెట్లు పెరిగారు. అసలు వ్యాసం తెరిచినవాళ్లు మాత్రం రెండు మూడు రెట్ల మధ్యే పెరిగారు. అంటే చదవకుండానే ఫార్వర్డు చేసే జబ్బు మీ ఫ్యామిలీ గ్రూపులోనే కాదు, సర్జన్లకు కూడా ఉంది!

నాలుగోది, పేరు. గుండె, ఊపిరితిత్తుల సర్జన్లు ఒక ప్రయోగం చేశారు. 112 వ్యాసాలు తీసుకుని లాటరీ వేసినట్టు రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని ట్వీట్ చేశారు, రెండోదాన్ని చేయలేదు. ఏడాది తర్వాత చూస్తే, ట్వీట్ చేసిన వ్యాసాలను ఇతర పరిశోధకులు ఉదహరించడం సగటున 3.1 పెరిగింది, చేయనివాటికి 0.7 పెరిగింది. 2020లో ఈ ఫలితాలు వచ్చాయి. బాగానే ఉంది. కానీ ఒక్క మాట. ఆ అంకె వ్యాసానికి ఎంత పేరొచ్చిందో చెబుతుంది. రోగి కుట్టు ఎంత బాగా మానిందో చెప్పదు. ఈ రెంటినీ కలిపేసుకోకూడదు.

అయిదోది, ఒకరికొకరు తోడు. 2015లో ఆడ సర్జన్లు "నేనూ సర్జన్లాగే ఉంటాను" అని అర్థం వచ్చే నినాదంతో తమ ఫోటోలు ట్విట్టర్‌లో పెట్టడం మొదలుపెట్టారు. 2017లో న్యూయార్కర్ పత్రిక అట్ట మీద నలుగురు ఆడ సర్జన్లు పైనుంచి తొంగి చూస్తున్న బొమ్మ వచ్చింది. ప్రపంచమంతా ఆడ సర్జన్లు అదే భంగిమలో ఫోటోలు దిగారు. మా క్లాసులో సర్జరీకి వెళతానన్న అమ్మాయిని "గైనిక్‌కు వెళ్లమ్మా, ఇది మగాళ్ల పని" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఒప్పుకుంటున్నాను. ఆవిడ వినలేదు, మంచిపని చేసింది. ఎందుకో ఇప్పుడే చెబుతాను.

పదకొండు నిమిషాలు

నా దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకున్న ఒక కుర్రాడు ఏజెన్సీ ప్రాంతంలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరాడు. ఒక సాయంత్రం గాల్‌బ్లాడర్ రాళ్లకు లాప్రోస్కోపీ ఆపరేషను మొదలుపెట్టాడు. లోపల చూస్తే అంతా అతుక్కుపోయి ఉంది. ఈ ఆపరేషనులో సర్జనుకు ఒకటే పెద్ద భయం. గాల్‌బ్లాడర్‌కు వెళ్లే చిన్న గొట్టాన్ని కోయాలి. కాలేయం నుంచి పేగుకు పైత్యం తీసుకెళ్లే పెద్ద గొట్టం పక్కనే ఉంటుంది. అతుక్కుపోయినప్పుడు పెద్దది చిన్నదానిలా కనబడుతుంది. దాన్ని కోస్తే రోగి బతుకు మారిపోతుంది. అందుకే 1995లో స్ట్రాస్‌బర్గ్ అనే సర్జను ఒక నియమం స్పష్టంగా చెప్పాడు: గాల్‌బ్లాడర్‌లోకి రెండే రెండు వెళుతున్నాయని కళ్లారా చూసేదాకా దేన్నీ కోయకు.

కుర్రాడు కత్తెర ఆపి, తెర మీద కనిపిస్తున్నదాన్ని ఫోటో తీయించి మా గ్రూపులో పెట్టించాడు. ఫోటోలో రోగి పేరు గానీ నంబరు గానీ లేదు. పదకొండు నిమిషాల్లో మూడు జవాబులొచ్చాయి. ఒకాయన "కుడివైపు నుంచి విడదీసుకుంటూ వెళ్లు, వచ్చేస్తుంది" అన్నాడు. ఇంకొకాయన ఒక వీడియో లింకు పంపాడు. మూడో జవాబు, నేను ఇందాక చెప్పిన మా క్లాసు అమ్మాయి, ఇప్పుడు కాకినాడలో పెద్ద సర్జను, ఒకే వాక్యం రాసింది: "నువ్వు పట్టుకున్నది పెద్ద గొట్టం కాదని నీ సొంత తమ్ముడి మీదైనా ఒట్టేసి చెప్పగలవా?"

చెప్పలేకపోయాడు. ఆపేశాడు. లోపల ఒక డ్రెయిన్ గొట్టం పెట్టి బయటికి వచ్చాడు, రోగి బంధువులకు ఉన్నదున్నట్టు చెప్పాడు. కొన్ని వారాల తర్వాత పెద్ద ఆసుపత్రిలో ఆపరేషను పూర్తయింది. రోగి ఇప్పుడు పొలం పని చేసుకుంటున్నాడు.

గమనించండి. ఆ రాత్రి ఫోను అతనికి ఆపరేషను ఎలా చేయాలో నేర్పలేదు. ఎప్పుడు ఆగాలో గుర్తుచేసింది. ఆ మూడింటిలో మొదటి జవాబు ఒక్కటే వచ్చి ఉంటే ఏమయ్యేదో కూడా ఆలోచించండి. చెప్పినవాడు థియేటర్‌లో లేడు, వాడి చెయ్యి కడుపులో లేదు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇదే చెబుతున్నాయి. ఒక డాక్టరు ఇంకో డాక్టరును దూరం నుంచి సలహా అడగవచ్చు, కానీ బాధ్యత అడిగిన డాక్టరుదే. "గ్రూపులో అలా చెప్పారండీ" అని రోగి భార్యకు చెప్పుకోవడానికి వీల్లేదు.

వీడియోలతో చిక్కు కూడా ఇదే. యూట్యూబ్‌లో ఎవడూ తన తప్పు పెట్టడు. నలభై నిమిషాల ఆపరేషనును ఆరు నిమిషాలకు కోసి, వెనకాల వీణ వాయించి పెడతాడు. రక్తం కారిన చోట కత్తిరింపు పడుతుంది. నేర్చుకునేవాడికి కావలసింది సరిగ్గా ఆ ముక్కే. ఎక్కువమంది చూసిన వీడియో ఎక్కువ సరైనది అనడం, ఎక్కువ జనం ఉన్న బస్సు మన ఊరికే వెళుతుందనుకోవడం లాంటిది. పైగా కొన్ని వీడియోల వెనక జాలీలు, కుట్టుయంత్రాలు అమ్మే కంపెనీల డబ్బుంటుంది. అది ఎవరి వీడియోనో, ఎవరి ఖర్చో తెలుసుకున్నాకే పాఠంగా తీసుకోవాలి.

నేను చేసిన తప్పు

ఇప్పుడు కవాస్‌జీ దగ్గరకు వస్తాను.

రిటైరయ్యాక నేను పనిచేసిన ఒక చోట ఒక కౌలు రైతు వచ్చాడు. చెరకు గానుగలో చెయ్యి పడింది. వేళ్లు నుజ్జయ్యాయి. రెండు వేళ్లు పోయాయి, మూడు నిలబెట్టాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ పని బాగా కుదిరింది. నాకు గర్వంగా అనిపించి, ఆపరేషనుకు ముందు, తర్వాత తీసిన ఫోటోలు బ్యాచ్ గ్రూపులో పెట్టాను. మొహం లేదు. పేరు లేదు. జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. చప్పట్లు, దండాలు, "గురువుగారూ" అనే మెచ్చుకోళ్లు డజన్ల కొద్దీ వచ్చాయి.

నేను చూడనిది ఒకటుంది. అతని ముంజేతి మీద పచ్చబొట్టు. భార్య పేరు, కింద ఊరి అమ్మవారి పేరు.

ఆ ఫోటో గ్రూపులో ఎవరో ఇంకో గ్రూపుకు పంపారు. అక్కణ్ణుంచి ఇంకోదానికి. మూడు వారాల్లో మొదటి ఫోటో ఒక్కటే, ఆపరేషనుకు ముందుది, "తాగి మిషను నడిపితే ఇంతే" అన్న రాతతో అతని ఊరికే చేరింది. అతను జన్మలో తాగినవాడు కాదు. పచ్చబొట్టు చూసి ఊరంతా గుర్తుపట్టింది. భూమి యజమాని ఆ ఫోటో చూసి, వీడింక పని చెయ్యలేడని ఆ ఏడాది కౌలు వేరేవాళ్లకు ఇచ్చేశాడు.

అతను కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు కేకలు వెయ్యలేదు. కూర్చుని, చెయ్యి బల్ల మీద పెట్టి, "నా చెయ్యి మీకు చూపించాను బాబూ. ఊరికి చూపించమనలేదు" అన్నాడు.

ముప్పై ఏళ్ల సర్వీసులో నన్ను ఎవరూ అంత మాట అనలేదు. చేతులు పట్టుకుని క్షమాపణ చెప్పాను. ఆ యజమాని ఇంటికి స్వయంగా వెళ్లి, మూడు వేళ్లతో అతను ఏమేం చెయ్యగలడో చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు, కానీ కౌలు ఆ ఏడాది తిరిగి రాలేదు. గ్రూపులో ఫోటో తీసేశాను. అప్పటికే చెయ్యి దాటిపోయిన దాన్ని తీసేసి లాభమేమిటి?

నియమం నాకు తెలియక కాదు. భారత వైద్య మండలి 2002 నియమావళిలోనే ఉంది: రోగి గుర్తుపట్టేలా ఉన్న ఫోటోను అతని అనుమతి లేకుండా ప్రచురించకూడదు. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ డాక్టర్ల సోషల్ మీడియా వాడకం మీద ప్రత్యేకంగా సూచనలతో కొత్త నియమావళి తెచ్చింది. అదే నెల 23న దాన్ని పక్కన పెట్టి పాతదాన్నే కొనసాగించారు. కొత్తదైనా పాతదైనా ఈ విషయంలో సారం ఒకటే. ఇరవై ఏళ్లనాడే రాసి ఉన్నదాన్ని నేను "ఇది ప్రచురణ కాదు కదా, మనవాళ్ల గ్రూపే కదా" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనవాళ్ల గ్రూపు అనేది లేదండీ. ఫోటో నా ఫోను దాటిన క్షణం అది ప్రచురణే.

ఆ రోజు నుంచి నా పద్ధతి ఇది. రోగిని ముందే అడుగుతాను, అతని భాషలో, ఇంటివాళ్ల ఎదుట. ఎవరికి పంపుతున్నానో, ఎందుకో చెబుతాను. వద్దంటే వైద్యంలో ఏ తేడా ఉండదని కూడా చెబుతాను. మొహమే కాదు, పచ్చబొట్టు, తాయెత్తు, మంచం నంబరు, గోడ మీద బోర్డు, అన్నీ చూస్తాను. కావలసినంత మేరకే ఫోటో. జవాబు రాగానే తీసేయడం. మెచ్చుకోళ్ల కోసం మాత్రం ఎప్పుడూ పెట్టను.

యూనిఫాంలో ఉన్నవాళ్లకు

సర్వీసు డాక్టర్లకు ఇంకో బరువు ఉంది. మన ఫోటోలో రోగి ఒక్కడే ఉండడు, యూనిట్ కూడా ఉంటుంది. స్ట్రావా అనే వ్యాయామ యాప్ 2017 నవంబరులో తన పటంలో జనం పరిగెత్తిన దారులన్నీ వెలిగించి చూపిస్తే, 2018 జనవరిలో ఎడారుల్లో ఉన్న అమెరికన్ స్థావరాల ఆకారాలు ప్రపంచానికి కనిపించాయి. ఎవడూ రహస్యం చెప్పలేదు, ఉదయం జాగింగ్ చేశారంతే.

మన దగ్గర 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం, కేంద్ర, నౌకాదళ నిఘా సంస్థలు కలిసి డాల్ఫిన్స్ నోస్ పేరుతో చేసిన ఆపరేషనులో ఏడుగురు నేవీ సిబ్బంది అరెస్టయ్యారు. ఫేస్‌బుక్ స్నేహాలతో వల వేశారన్నది ఆరోపణ. ఆ నెలలోనే నౌకాదళం ఓడల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. 2020 జులైలో ఆర్మీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం సహా 89 యాప్‌లు తీసేయమంది. ఇలాంటి ఆదేశాలు కాలంతో మారుతుంటాయి కాబట్టి మీ యూనిట్‌లో ఇవాళ ఏ ఉత్తర్వు అమల్లో ఉందో అదే మీకు శాసనం. నా ప్రసంగం కాదు.

ఇక్కడికి దగ్గర్లో షిబ్‌పూర్‌లో ఐ.ఎన్.ఎస్. కొహాసా ఉంది. 2019 జనవరిలో ఆ పేరుతో కమిషన్ అయింది. ఇలాంటి చోట ఒక మెడికల్ ఆఫీసరు "ఈ రోజు ఇంతమందికి ఈ జ్వరం" అని బ్యాచ్ గ్రూపులో అమాయకంగా రాసినా, అది రోగి సంగతి ఒక్కటే కాదు, బలగం సంగతి. మరి నేర్చుకోవడం మానేయాలా? అక్కర్లేదు. చదవడానికి, చూడడానికి ఉత్తర్వు అనుమతించిన మేరకు బోలెడుంది. రోగి గురించి అడగాల్సి వస్తే సర్వీసు లోపలి దారులున్నాయి. సర్వీసులో ఉన్నవాళ్లకూ, మాజీలకూ, కుటుంబాలకూ డాక్టరుతో తెర మీద మాట్లాడే సెహత్ ఓపీడీ 2021 మేలో మొదలైంది. మందుల చీటీ కోసం ఎంతో దూరం వెళ్లే పెద్దవాళ్లు దాని సంగతి తెలుసుకోండి, పిల్లల చేత ఫోనులో పెట్టించుకోండి.

డిగ్లీపూర్ చెప్పాల్సింది

చివరగా ఒక మాట. సోషల్ మీడియా అంటే ఇక్కడివాళ్లు అడగడం, హైదరాబాదు, చెన్నై వాళ్లు చెప్పడం అనుకుంటాం. నేనలా అనుకోను. ఉప్పునీటి మొసలి కరిచిన చెయ్యిని హైదరాబాదు సర్జను జన్మలో చూడడు. ఆ గాయాన్ని గబగబా కుట్టేయకూడదు, బాగా కడిగి, చచ్చిన కండ తీసేసి, తెరిచి ఉంచి, తర్వాత మూయాలి అన్నది ఇలాంటి చోట్ల పనిచేసినవాళ్లకు అనుభవంతో వచ్చిన జ్ఞానం. కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాణ్ణి మెడ కదలకుండా పడవలోకి ఎలా ఎక్కించాలి? కాన్వాయ్ వేళ దాటిపోతే రాత్రంతా రోగిని ఎలా నిలబెట్టాలి? ఇవి పెద్ద పుస్తకాల్లో లేవు. ఇక్కడి డాక్టర్లు, నర్సులు, జెట్టీ దగ్గర సాయం పట్టే మీరు రాస్తేనే లోకానికి తెలుస్తాయి. కుమ్మరి వైద్యుడి పేరు చరిత్రలో మిగలలేదు. ఈసారైనా చేసినవాడి పేరు మిగలాలి, రోగి పేరు దాగాలి. అప్పుడు జరిగింది సరిగ్గా తిరగబడింది.

జెట్టీ దగ్గర పెద్దాయన ప్రశ్నకు నా జవాబు ఇది. బాబూ, మీ రోగం ఆ ఫోనులో రాసి ఉండదు. కానీ మీ రోగాన్ని ఇంతకుముందు చూసిన ఇంకో మనిషి ఆ ఫోను అవతల ఉండవచ్చు. మీ డాక్టరు ఫోను చూస్తుంటే కోపగించుకోకండి. "ఎవరిని అడుగుతున్నారు బాబూ?" అని అడగండి. ఫోటో తీస్తుంటే "ఎవరికి పంపుతారు? మళ్లీ తీసేస్తారా?" అని అడగండి. అడగడం మీ హక్కు. మంచి డాక్టరు నొచ్చుకోడు. నొచ్చుకుంటే, నన్ను ఆ కౌలు రైతు అడిగిన మాట అతనికి చెప్పండి.

అలాగే ఎవరి గాయం ఫోటో అయినా మీ ఫోనుకు వస్తే, దయచేసి అది మీ దగ్గరే ఆగిపోనివ్వండి. దాని కింద ఏం రాసి ఉన్నా సరే. ఆ చెయ్యి ఎవరిదో మీకు తెలియదు. అతని కౌలు మీ వేలి కింద ఉండవచ్చు.

 నేను మాట్లాడుతుండగా ఫోను చూసుకున్నవాళ్లందరూ వైద్య విజ్ఞానం కోసమే చూశారని నమ్ముతున్నాను. బొబ్బట్లు చల్లారిపోతున్నాయి. షుగరు ఉన్నవాళ్లు ఒక్కటే తినండి.

జై హింద్.